నాకు శివమొచ్చిన ఆదివారం

అమెరికన్ కవిత్వం గురించి బర్ దుబాయ్ నుంచి ఖోర్ ఫక్కాన్ దాకా నాకు తెలిసినంత ఇంకో తెలుగువాడికి తెలియదు. ఈ మాట నేను చాలామంది ముందు అన్నాను. ఎవరూ కాదనలేదు. కాదనాలంటే చదివినవాడు ఇంకొకడుండాలి గదా! నా గదిలో నాలుగు వందల పుస్తకాలున్నాయని కూడా చెప్పేవాణ్ణి. ఉన్నవి పదకొండు. అందులో ఒకటి వంటల పుస్తకం.

ఆ పదకొండూ నేను కొన్నవి కావు. కరోనా ఏడాది మా బిల్డింగులో ఉద్యోగాలు పోయినవాళ్లు వరసగా దేశాలకు వెళ్లిపోతూ మంచాలూ, ఫ్యాన్లూ, పిల్లల సైకిళ్లూ కింద చెత్తడబ్బా పక్కన పెట్టి పోయేవారు. ఒకరోజు అక్కడ ఒక అట్టపెట్టె కనబడింది. పైనున్న పుస్తకం అట్ట మీద ఎలుగుబంటి బొమ్మ. పెట్టె మోసుకొచ్చి, పుస్తకాలన్నిటికీ శానిటైజర్ కొట్టి, మూడు రోజులు బాల్కనీలో ఎండబెట్టి, నాలుగోరోజు తెరిచాను. పేజీల అంచుల్లో ఎవరో ఆడమనిషి పెన్సిల్‌తో రాసుకున్న గుండ్రటి అక్షరాలు. ‘న్యూయార్క్ నుంచి ఒక ప్రొఫెసరమ్మ నాకు పంపింది’ అని తర్వాత్తర్వాత నేను అందరికీ చెప్పింది ఈ పెట్టె గురించే.

నేను చేసేది బట్టల కొట్లో పని. ముప్పై నాలుగేళ్లుగా తాన్లు విప్పి, కొలిచి, కత్తిరించి, మళ్లీ చుడుతున్నాను. ఇంగ్లీషు సాహిత్యంలో బి.ఏ. అని చెప్పుకుంటాను. చేరిన మాట నిజం. రెండో ఏడు దాటని మాట కూడా నిజం. కొట్లు మూసిన ఆ రోజుల్లో ఫోన్లో డిక్షనరీ తెరిచి పెట్టుకుని ఆ పుస్తకాలు చదివాను. అర్థమైనంత అర్థమైంది, మిగతాది నేనే కల్పించుకున్నాను.

ఆ కవులందరిదీ దాదాపు ఒకటే గోల. పోయిన శతాబ్దం నడిమి రోజుల్లో, కార్లూ టీవీలూ యుద్ధాలూ ముదిరిపోయిన దేశంలో కూర్చుని, మన కవిత్వం తలకాయలోంచే వస్తోంది, దీనికి ఒళ్లు లేదు, లోతు లేదు అని బాధపడ్డారు. అందుకని రెండు తలుపులు తట్టారు. ఒకటి, మనసుకు అడుగున ఇంకో మనసుందనీ, మనం బతకకుండా వదిలేసిన బతుకంతా అక్కడ నీడలా కూర్చుని కలల్లో పైకొస్తుందనీ చెప్పిన యూరప్ మనోవైద్యుల తలుపు. రెండోది, ఆ నేల మీద వీళ్లకంటే ముందునుంచీ ఉన్న ఆదివాసుల తలుపు. అక్కడ షామన్ అని ఒక మనిషి ఉంటాడట. రోగమొస్తే ఆయనే వైద్యుడు. చనిపోయినవాళ్ల కబురు కావాలంటే ఆయనే దూత. డప్పు మోతలో ఒళ్లు మరిచి, కింది లోకానికి దిగి, జంతువులతో మాట్లాడి, తప్పిపోయిన ప్రాణాన్ని వెతికి పైకి తెస్తాడు. కవి చేయవలసిందీ అదేనన్నారు ఈ అమెరికావాళ్లు. ఆ రెండో తలుపు అడిగి తెరిచారా, అడక్కుండా తోసుకుని పోయారా అని తర్వాత అక్కడే పెద్ద తగువైంది. ఒక పుస్తకం చివర ఆ తగువంతా ఉంది. ఆ పేజీలు నేను గబగబా తిప్పేశాను.

కరోనా సద్దుమణిగాక కడప భాయ్ ఒకాయన తన టైలరింగ్ షాపు వెనకగదిలో ఆదివారం మధ్యాహ్నాలు మమ్మల్ని పోగుచేయడం మొదలుపెట్టాడు. ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా కొట్టు మూసే వేళ. ఆరేడుగురం వచ్చేవాళ్లం. బట్టల మూటలే మా కుర్చీలు. భాయ్ ఉర్దూ గజళ్లు చదివేవాడు. నెల్లూరు నుంచి వచ్చిన నర్సమ్మ ఒకామె చిన్న చిన్న కవితలు రాసుకొచ్చేది. నేను అమెరికా గురించి ఉపన్యసించేవాణ్ణి. అక్కడ ఒక రివాజు ఉండేది. పాలు లేని సులేమానీ చాయ్ కాచగానే మొదటి గ్లాసు ఆ రోజు మాట్లాడేవాళ్లకు ఇచ్చేవారు. ఆరు నెలలు ఆ గ్లాసు నాదే. వాళ్లు నన్ను మాస్టారని పిలిచేవారు. నేను ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు. పిలుస్తుంటే వద్దనడం మర్యాద కాదని ఊరుకున్నాను.

ఒక ఆదివారం షామన్ల గురించి చెబుతున్నాను. ఆ రోజు నా గొంతు నాకే ముద్దొచ్చింది. మెల్లగా దిగుతున్నట్టు చెయ్యి కిందికి పోనిస్తూ, "కవి ఒంటరిగా దిగుతాడు, ఒంటరిగా తిరిగొస్తాడు" అన్నాను.

తలుపు దగ్గర మూట మీద కూర్చున్న కొత్తమనిషి చెయ్యెత్తాడు. నలభై దాటినవాడు, జగిత్యాల పక్క పల్లెవాడు. ఫుజైరా కొండల్లో రాయి పిండిచేసే క్రషర్ దగ్గర పని. రెండు గంటలు బస్సులో కూర్చుని వచ్చాడు. అతని అరచేతుల గీతల్లో తెల్లటి దుమ్ము ఎంత కడిగినా పోనట్టుంది.

"సారూ, గా షామన్ కిందికి దిగుతడంటిరి. మల్ల ఆయన కాళ్ల మీద నీళ్లు వోసేదెవ్వలు?"

"నీళ్లేమిటయ్యా?"

"ఒక్కడే దిగి ఒక్కడే ఎట్లొస్తడు సారూ? పక్కపొంటి అడిగెటోడు ఉండాలె గద. ఎవ్వలూ అడగకుంటె ఇగ ఎందుకొచ్చినట్టు?"

పదకొండు పుస్తకాల్లో ఈ ప్రశ్న లేదు. వంటల పుస్తకంలో అసలే లేదు.

నర్సమ్మ అటు తిరిగి కూర్చుంది. "నీకెట్ట తెలుసన్నా ఇదంతా?"

"మా అవ్వ శివసత్తి, చెల్లే."

వాళ్ల వైపు అవ్వంటే అమ్మ. శివసత్తి అంటే దేవత ఒంటిమీదికొచ్చే మనిషి. అలా రావడాన్ని వాళ్లు శివమొచ్చింది అంటారు. అతను చాలా మామూలుగా, కూరగాయల సంగతి చెప్పినట్టు చెప్పాడు. అవ్వకు శివమొస్తే వాడకట్టంతా పోగయ్యేదట. ముఖాన బండారు, అంటే పసుపు, పూసుకుని ఊగేదట. అప్పుడు ఒకరు ముందుకొచ్చి ఆమె కాళ్ల మీద నీళ్లు పోసి, ‘ఎవరు తల్లీ నువ్వు, ఏం కావాలె’ అని అడగాలి. ఏడేళ్ల వయసు నుంచీ ఆ అడిగే పని ఇతనిదే. శివం దిగిపోయాక అవ్వకు ఒక్కమాటా గుర్తుండేది కాదు. ‘నేనేమన్న బిడ్డా’ అని అడిగితే ఇతను చెప్పేవాడట.

"ఇంకో కట్టడి ఉంది సారూ. ఎవ్వలకు శివమొచ్చినా పరీక్ష వెట్టొద్దు. పసిపోరడు గానీ, పగోడు గానీ, ఊగినంటే నీళ్లు వోయాలె, అడగాలె. నిజమా అబద్ధమా మనం సూడొద్దు."

భాయ్ గొంతు తగ్గించి అడిగాడు. "మీ అమ్మ ఇప్పుడెట్లుంది తమ్ముడూ?"

అవ్వ కరోనా ఏడాదే పోయింది. విమానాలు లేవు. ఇతను క్యాంపులో బంకు మంచం మీద కూర్చుని, మట్టి వేయడం ఫోన్లో చూశాడు. వాళ్లింట్లో పోయినవాళ్లు ఏడాది తిరిగేలోపు ఎవరో ఒకరి మీదికొచ్చి, చెప్పాల్సింది చెప్పి పోతారు. రెండేళ్లు దాటినా అవ్వ ఎవరి మీదికీ రాలేదు.

"అడిగెటోణ్ణి నేను ఈడ ఉంటిని. గందుకే వస్తలేదేమో. ఒక్కటే మాట అడుగుదామనుకున్న. మట్టెయ్యనీకి రాలేదని కోపమా అని."

భాయ్ లేచి చాయ్ పోసి, మొదటి గ్లాసు అతని చేతికిచ్చాడు. నా ఉపన్యాసం ఇంకా సగమే అయింది.

ఆ గ్లాసు నా పక్కనుంచి పోవడం నేను చూశాను. పుదీనా ఆకు ఒకటి పైన తేలుతోంది. ఇన్నేళ్ల తర్వాత ఆ ఆకుతో సహా గుర్తుందంటే నా ఒంట్లో ఏం జరిగిందో మీరే ఊహించుకోండి. ఇన్నేళ్లంటే ఎన్నో కాదు, ఒకటిన్నర. అయినా అంతే మంట.

తర్వాత ఆ ఫుజైరా మనిషి రెండు వారాలకోసారి వచ్చేవాడు. కాగితం తెచ్చేవాడు కాదు. క్రషర్ ఆగిన విరామంలో తన గొంతుతోనే ఫోన్లో రికార్డు చేసుకుని, మా ముందు ఆ ఫోన్ నొక్కి పెట్టేవాడు. ఒకటి చెబుతాను.

‘కొండపొడి మొకం మీద వడ్డప్పుడల్ల
ఎవ్వలో నాకు బండారు వూసినట్టుంటది.
ఈ దేశం కొండకు శివమొస్తే
నీళ్లు వోసెటోళ్లెవ్వలు?’

నర్సమ్మ కళ్లు తుడుచుకుంది. నేను కూడా తుడుచుకున్నాను, కానీ నావి వేరే రకం నీళ్లు. ఆ అమెరికావాళ్లు పుస్తకాలు పుస్తకాలు రాసి, నేను ఆరు నెలలు గొంతు చించుకుని చెప్పిన లోతు ఏదైతే ఉందో, అందులో ఇతను పుట్టి పెరిగాడు. నేను మ్యాపు పట్టుకుని తిరుగుతుంటే ఇతను ఆ ఊరివాడు. ఇది న్యాయం కాదనిపించింది. నాకూ అమ్మ ఉండేది. ఆమె మీదికి ఏ దేవతా రాలేదు, ఆమెకు తలనొప్పి మాత్రం తరచూ వచ్చేది. అందులోంచి నేనేం కవిత్వం తీయగలను?

లోపాలు వెతికాను. అది కవిత్వం కాదు, జానపదం అన్నాను. రాసుకోకుండా నోటితో చెబితే నిర్మాణం ఎక్కడుంటుందన్నాను. అమెరికాలో ఇలాంటివాటిని వేరే అరలో పెడతారన్నాను. ఆ అర నేను చూడలేదు, అమెరికా కూడా చూడలేదు.

భాయ్ బొత్తాలు కుడుతూ తలెత్తకుండా అన్నాడు: "ఏం మాస్టారూ, కడుపులో మంటగా ఉందా యేమి? నిమ్మకాయ సోడా తెప్పిద్దునా?"

"నాకెందుకు మంట? మంచి కోరి చెబుతున్నా."

"సరే సామీ, సరే. తెప్పిస్తా ఉండు, తాగుదువు."

ఆ సోడా తాగుతుండగానే నాకు ఆలోచన వచ్చింది. అతని తల్లికి శివమొచ్చింది, అతనికి రాలేదు. అతను అడిగేవాడే గాని దిగినవాడు కాదు. మా గదిలో ఒకరికి వస్తే? అదీ అమెరికన్ కవిత్వం చదువుతూ చదువుతూ వస్తే?

పది రోజులు సాధన చేశాను. గదిలో నాతో ఉండేవాళ్లు డ్యూటీకి పోయాక స్నానాలగది అద్దం ముందు ఊగాను. ఊగడం అనుకున్నంత తేలిక కాదు. నడుము పట్టేసింది. మోకాళ్లు టకటకమన్నాయి. ఏం పలకాలో కూడా రాసుకున్నాను. ‘నేను ఎడారి ఎముకను, నేను రెక్క విరిగిన గద్దను’ అని మొదలయ్యే పన్నెండు పంక్తులు. నోటికి పట్టాను. ముఖం పీక్కుపోయినట్టు కనబడాలని ఆ ఆదివారం పొద్దున్నుంచి ఏమీ తినలేదు.

ఎలుగుబంటి పుస్తకం తెరిచి మంద్రంగా ఒక పేజీ చదివాను. పుస్తకం జారవిడిచాను. కళ్లద్దాలు తీశాను. కళ్లు మూసి, మూలిగి, ఊగడం మొదలుపెట్టాను.

"యా అల్లా! ఏమాయె ఈయనకి?" భాయ్ గొంతు.

"షుగర్ పడిపోయిందేమో భాయ్, పొద్దున ఏమన్నా తిన్నాడో లేదో!" నర్సమ్మ వచ్చి నా మణికట్టు పట్టుకుంది. నాడి చూసి, చెయ్యి మెల్లగా వదిలేసింది. ఆమె ఎందుకు వదిలేసిందో అప్పుడు నాకు తెలియలేదు.

ఇక నా పన్నెండు పంక్తులు మొదలుపెడదామని నోరు తెరిచాను. అంతలో నా పాదాల మీద చల్లగా తగిలింది.

కళ్లు సందుచేసి చూశాను. ఫుజైరా మనిషి. చెప్పులు విడిచి, నా ముందు మోకాళ్ల మీద కూర్చుని, మంచినీళ్ల సీసా వంచి రెండు చేతులతో నా కాళ్ల మీద పోస్తున్నాడు. నీళ్లు కార్పెట్ మీదుగా పారి భాయ్ కత్తిరించి పెట్టిన జాకెట్ ముక్కల కిందికి పోతున్నాయి.

"ఎవరు తల్లీ నువ్వు?" అన్నాడు.

గద్దా, ఎముకా ఎటో పోయాయి. ఊగడం మాత్రం ఆపలేకపోయాను. ఆపితే దొరికిపోతాను.

అతని గొంతు సన్నబడింది. ఏడేళ్ల పిల్లవాడి గొంతులా ఉందని రాయాలనుంది, కానీ అలా లేదు, అలసిపోయిన నడివయసు మనిషి గొంతే.

"అవ్వా... నువ్వేనా? మట్టెయ్యనీకి నేను రాలే. కోపమా?"

పదకొండు పుస్తకాలు చదివినవాణ్ణి. చనిపోయినవాళ్ల దగ్గరికి దిగడం గురించి మూడు డజన్ల కవితలు నోటికొచ్చు. మూడు డజన్లు కాదు, నాలుగు. నాలుగు డజన్లు కాదు, నాలుగు కవితలు. వాటిలో ఏ ఒక్కదానిలోనూ ఈ మనిషికి చెప్పదగ్గ మాట లేదు. కోపం లేదు అందామంటే, అనే హక్కు నాకెక్కడిది? ఉందనడానికి నోరెలా వస్తుంది?

నా నోట్లోంచి ఒక మాట వచ్చింది.

"తిన్నావా?"

అతను నా పాదాల మీద తల ఆనించి ఏడ్చాడు. చాలాసేపు ఏడ్చాడు. నేను ఊగడం ఎప్పుడు ఆగిందో నాకు తెలియదు.

ఆ మాట నా లోలోపలి పాతాళం నుంచి, యుగాల కిందటి తల్లి గొంతుతో వచ్చిందని కొన్నాళ్లు అందరికీ చెప్పాను. నాకు ఆకలేస్తోంది, అదీ సంగతి. పొద్దున్నుంచీ ఏమీ తినలేదని చెప్పాను గదా.

భాయ్ రెండు చేతులతో పట్టి మొదటి గ్లాసు నాకిచ్చాడు. ఫుజైరా మనిషి ఏమీ తాగకుండానే బస్సుకు వేళైందని వెళ్లిపోయాడు. ఆరు నెలల పరువు ఒక్క పూటలో తిరిగొచ్చింది. చాయ్ మాత్రం తాగకుండా పక్కన పెట్టాను.

ఆ వారమంతా నా వైభవం చూడవలసిందే. భాయ్ తన షాపుకు పూచీ ఉన్న అరబ్బు కఫీల్ మనసు ఎప్పుడు మారుతుందో అడిగాడు. పక్కకొట్టు ఆయన మోకాలి నొప్పికి నా చేత్తో నిమిరించుకున్నాడు. నొప్పి తగ్గిందన్నాడు కూడా, వెధవ! కానీ ఫుజైరా మనిషి రావలసిన ఆదివారం రాలేదు. ఆ తర్వాతి సారీ రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. నేను అతని అవ్వ వేషం కట్టాను. అతను అడగకుండా దాచుకున్న ఒక్క ప్రశ్ననూ నా నాటకంలో వాడేసుకున్నాను. ఆ పుస్తకం చివర నేను గబగబా తిప్పేసిన తగువు పేజీలు తీసి, ఈసారి నెమ్మదిగా చదివాను.

కొట్లో ఒకరోజు సెలవు పెట్టి ఫుజైరా బస్సెక్కాను. కొండలు రోడ్డు దాకా వచ్చి నిలబడ్డాయి. కొన్నిటికి సగమే ఉంది, మిగతా సగం కోసేశారు. మధ్యాహ్నం విరామంలో క్యాంపు పక్క మలబారీ చాయ్ దుకాణంలో అతను కనబడ్డాడు. కనుబొమ్మల దాకా తెల్లగా ఉన్నాడు.

"అరె, సారు! గింత దూరం ఎట్లొస్తిరి?"

"తప్పు చెప్పుకోవడానికొచ్చాను. ఆ రోజు నాకు శివం రాలేదు. నాటకమాడాను."

అతను పరోటా తుంచుతూ తలూపాడు. "ఎరుకే."

"ఎరుకా? ఎప్పటినుంచి?"

"మా అవ్వకు శివమొస్తె మెడల పుస్తెలతాడు తెగి పడ్డా సోయుండకపోయేది. నువ్వు కండ్లద్దాలు తీస్తివి, మడుస్తివి, జేబుల వెట్టుకుంటివి. గుండీ గూడ వెట్టుకుంటివి సారూ!"

నవ్వాడు. అతని ముఖాన దుమ్ము నవ్వుతో చిట్లింది. నాకు ఒళ్లు మండింది. తప్పు ఒప్పుకోవడానికి ఇంత దూరం వస్తే, అందులోనూ ఇతనే ముందున్నాడు!

"మరి తెలిసీ ఎందుకు నీళ్లు పోశావు? ఎందుకు అడిగావు?"

"పరీక్ష వెట్టొద్దని చెప్పిన గద. ఊగుడు నీ పని, అడుగుడు నా పని. రెండేండ్లసంది ఎవ్వలూ ఊగకపాయిరి. దొంగదో దొరదో, నువ్వు ఊగినవ్. అడిగిన."

"అయితే ఆ ఏడుపు?"

అతను చేతిలోని పరోటా ముక్క పక్కన పెట్టాడు.

"మా అవ్వ నన్ను ఎన్నడూ తిన్నవా అని అడగలే సారూ. కూలికి పోయి వచ్చి, గిన్నె ముందల వడేసి, ‘యాడ సచ్చినవ్ రా ఇంతసేపు’ అంటుండె. గదే ఆమె ముద్దు. నువ్వు తిన్నవా అనంగనే తెలిసిపాయె, ఈమె మా అవ్వ గాదు అని. ఇగ రాదు అని. గప్పటిదాంక వస్తదేమో, వస్తదేమో అని సూస్తనే ఉంటి. గా దినం ఒడిసింది. గందుకే ఏడ్చిన."

క్షమించమని అడగడానికి రాసుకొచ్చిన మాటలు కూడా పన్నెండు పంక్తులే ఉన్నాయి. అవి జేబులోనే ఉంచాను.

"మరి ఆదివారాలు ఎందుకు రావడం లేదు?"

"ముదీర్ షిఫ్టు మార్చిండు సారూ. ఫోన్ నీళ్లల్ల వడ్డది. మీరేమనుకున్నరు, అలిగిన అనుకున్నరా?" మళ్లీ నవ్వాడు. అరువు తెచ్చుకున్న ఫోను తీసి నొక్కాడు. "ఇగో, కొత్తది. ఇనుండ్రి."

‘అద్దాలు మడిచి జేబుల వెట్టుకొని
ఒక ముసలాయన మా అవ్వను పిలువబోయిండు.
అవ్వ రాలే.
తిన్నవా అని ఆయనే అడిగిండు.
అవ్వ రాదని గప్పుడెరుకైంది.
జవాబు మాత్రం ఇంకా నా నోట్లనే ఉంది.’

విన్నాక నేను అడిగాను. "తిన్నావా మరి?"

"తింటనే ఉన్న గద సారూ," అని పరోటా చూపించి, సగం తుంచి నా ముందు పెట్టాడు.

తర్వాతి ఆదివారం భాయ్ గదిలో లేచి నిలబడి అంతా ఒప్పుకున్నాను. పెట్టె సంగతి, బి.ఏ. సంగతి, గద్ద సంగతి. నర్సమ్మ నెమ్మదిగా అంది: "నాడి చూశాగా మాస్టారా! గడియారం మాదిరి కొట్టుకుంటా ఉంది. అన్న నీళ్లు పోస్తా ఉండాడని ఊరుకున్నా." ఆ గదిలో నిజంగా నమ్మింది భాయ్ ఒక్కడే. నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. కఫీల్ మనసు మాత్రం ఆ వారమే మారిందట, అది ఎవరి ఖాతాలో వేయాలో తెలియక మళ్లీ పలకరించాడు.

షిఫ్టు తిరిగి మారాక ఫుజైరా మనిషి మళ్లీ వస్తున్నాడు. మొదటి గ్లాసు అతనిదే. ఆ ముసలాయన కవిత అడిగి అడిగి చెప్పించుకుంటారు. అది పూర్తయినప్పుడల్లా అందరూ నావైపు చూసి నవ్వుతారు. నా జీవితంలో నేను చోటు సంపాదించిన ఒకే ఒక మంచి కవిత, అదీ ఇంకొకరిది.

"మంట తగ్గిందా మాస్టారూ?" అని భాయ్ అడుగుతుంటాడు.

తగ్గిందనే చెబుతాను. తగ్గలేదు. కళ్లద్దాలు మాత్రం ఆ గదిలో ఇక తీయడం లేదు.